ఫ్రేజా, సబార్డినేట్ క్లాజా: తేల్చేది క్రియే

మీ ప్రశ్న ఇది: 'ఆఫ్టర్ ద మీటింగ్' ఫ్రేజ్ అంటున్నారు, 'ఆఫ్టర్ ద మీటింగ్ ఎండెడ్' సబార్డినేట్ క్లాజ్ అంటున్నారు, 'ఆఫ్టర్ అటెండింగ్ ద మీటింగ్' దగ్గరికి వచ్చేసరికి అందులో క్రియ లాంటిది కనిపిస్తున్నా మళ్లీ ఫ్రేజే అంటున్నారు. మూడూ ఒకే పదంతో మొదలయ్యాయి. మూడూ 'ఎప్పుడు' అన్న ప్రశ్నకే జవాబు చెబుతున్నాయి. మూడింటిలో దేన్నీ విడిగా రాసి ఫుల్‌స్టాప్ పెట్టలేం. మరి తేడా దేన్నిబట్టి చెప్పాలి?

ముందు జవాబు చెప్పేసి తర్వాత వివరాల్లోకి వెళ్తాను. ఆ పదాల గుంపులో కాలాన్ని చూపించే క్రియ, ఆ క్రియకు సొంత కర్త, ఈ రెండూ ఉంటే అది క్లాజ్. ఆ జంట లేకపోతే ఫ్రేజ్. గుంపు ఎంత పొడుగుంది, ఏ పదంతో మొదలైంది, వాక్యంలో ఏ పని చేస్తోంది అన్నవి ఈ విషయంలో సాక్ష్యానికి పనికిరావు.

మీ మూడో ఉదాహరణనే పరీక్షించి చూద్దాం. 'ఆఫ్టర్ అటెండింగ్ ద మీటింగ్, ఐ వెంట్ హోమ్' అన్నది నిన్నటి సంగతి. దాన్ని రేపటికి మార్చండి: 'ఆఫ్టర్ అటెండింగ్ ద మీటింగ్, ఐ విల్ గో హోమ్.' 'వెంట్' కాస్తా 'విల్ గో' అయింది కానీ 'అటెండింగ్' కదల్లేదు. నిన్నయినా రేపయినా దానికి ఒకటే. ఇప్పుడు రెండో ఉదాహరణ: 'ఆఫ్టర్ ద మీటింగ్ ఎండెడ్, ఐ వెంట్ హోమ్.' రేపటికి మారిస్తే 'ఆఫ్టర్ ద మీటింగ్ ఎండ్స్, ఐ విల్ గో హోమ్.' ఇక్కడ 'ఎండెడ్' కూడా 'ఎండ్స్' అయింది. కాలం మారితే తానూ మారింది కాబట్టి అది అసలైన క్రియ, దాని కర్త 'ద మీటింగ్'. అందుకే అది క్లాజ్. 'అటెండింగ్' క్రియ నుంచే పుట్టినా కాలం చెప్పే శక్తి దానికి లేదు, దాని పక్కన సొంత కర్త కూడా లేదు.

చాలామందిని దారి తప్పించేది స్కూల్లో నేర్పే నిర్వచనం. 'పూర్తి అర్థం ఇవ్వని పదాల గుంపు ఫ్రేజ్' అని కంఠతా పట్టిస్తారు. అది తప్పేమీ కాదు. కానీ సబార్డినేట్ క్లాజ్ కూడా పూర్తి అర్థం ఇవ్వదు కదా. 'బికాజ్ ఇట్ వాజ్ లేట్' అని చెప్పి ఊరుకుంటే వినేవాడు మిగతాది ఏమిటని ఎదురుచూస్తాడు. రెండింటికీ సమానంగా ఉన్న లక్షణంతో ఆ రెంటినీ విడదీయలేం. విడిగా నిలబడగల మెయిన్ క్లాజ్‌ను, దాని మీద ఆధారపడే సబార్డినేట్ క్లాజ్ నుంచి వేరు చేయడానికి ఆ పూర్తి అర్థం మాట పనికొస్తుంది. ఫ్రేజ్‌ను సబార్డినేట్ క్లాజ్ నుంచి వేరు చేయడానికి పనికిరాదు. ఈ రెండు పనులకూ ఒకే నిర్వచనం వాడటం వల్లే ఇంత అయోమయం.

వాక్యంలో చేసే పనీ అంతే. ఫ్రేజ్ నామవాచకంలా నిలబడగలదు, విశేషణంలా ఉండగలదు, క్రియావిశేషణంలా ఉండగలదు. సబార్డినేట్ క్లాజ్ కూడా అవే మూడు పనులు చేస్తుంది. 'ఐ డోంట్ నో ద రీజన్' లో 'ద రీజన్' ఏ చోట కూర్చుందో, 'ఐ డోంట్ నో వై హి లెఫ్ట్' లో 'వై హి లెఫ్ట్' సరిగ్గా ఆ చోటే కూర్చుంది. కాబట్టి 'ఇది ఎప్పుడు అన్నదానికి జవాబు చెబుతోంది, అందువల్ల అడ్వర్బ్ క్లాజ్' అని తేల్చేయకండి. అడ్వర్బ్ అన్న సగం సరైనదే కావచ్చు, క్లాజ్ అన్న సగం ఇంకా తేలలేదు.

తెలుగు మాట్లాడేవాళ్లకు ఇందులో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. దానికి విరుగుడు కూడా మన వ్యాకరణంలోనే ఉంది. సమాపక క్రియ, అసమాపక క్రియ అని తెలుగు క్లాసులో చదువుకునే ఉంటారు. వాక్యాన్ని ముగించేది సమాపకం, ముగించకుండా ఇంకో క్రియ కోసం ఎదురుచూసేది అసమాపకం. 'వాన ఆగాక బయల్దేరాం' అన్న వాక్యంలో సమాపక క్రియ ఒక్కటే, 'బయల్దేరాం'. 'ఆగాక' అసమాపకం. 'వాన ఆగితే' చేదర్థకం (షరతు చెప్పేది), 'వాన ఆగినా' అప్యర్థకం ('అయినప్పటికీ' అనేది), 'వాన ఆగి' క్త్వార్థకం (ముందు జరిగిన పని చెప్పేది), ఇవీ అసమాపకాలే. ఇలా తెలుగు ఒక విషయాన్ని ఇంకో విషయం కింద చేర్చాలంటే ఎక్కువగా క్రియ చివరను మార్చి దాన్ని అసమాపకం చేసేస్తుంది. ఇంగ్లీషు దారి వేరు. అది క్రియను సమాపకంగానే ఉంచి ముందు ఒక పదం తగిలిస్తుంది. 'ద రెయిన్ స్టాప్డ్' అన్నది పూర్తి వాక్యం. 'ఆఫ్టర్ ద రెయిన్ స్టాప్డ్' లోపల ఆ వాక్యం చెక్కుచెదరకుండా అలాగే ఉంది. 'ఇఫ్ ద రెయిన్ స్టాప్స్', 'దో ద రెయిన్ స్టాప్డ్', 'అంటిల్ ద రెయిన్ స్టాప్స్' అన్నింట్లోనూ అంతే.

మన చెవికి 'వాన ఆగాక', 'మీటింగ్ తర్వాత', 'మీటింగ్‌కి వెళ్లొచ్చాక' అన్నీ ఒకే జాతివిగా వినిపిస్తాయి. వాటిలో దేంట్లోనూ సమాపక క్రియ లేదు మరి. ఆ అలవాటుతో ఇంగ్లీషు వాక్యాన్ని చూస్తే అక్కడి మూడు రకాలూ ఒక్కటిగానే తోస్తాయి. అయితే తెలుగులోనూ సమాపక క్రియ చెదరకుండా ఇంకో వాక్యంలో ఇమిడే చోట్లు ఉన్నాయి. 'అతను వస్తాడని అనుకున్నాను', 'ఎప్పుడు వస్తాడో తెలీదు' లాంటివి. 'వస్తాడు' అన్న రూపం అలాగే ఉండి దానికి 'అని', 'ఓ' వచ్చి చేరాయి. ఇంగ్లీషు సబార్డినేట్ క్లాజులన్నీ ఈ రెండో పద్ధతిలో కట్టినవే అనుకుంటే మీకు సగం పని తేలికవుతుంది. ఏ గుంపు కనిపించినా 'దీని లోపల సమాపక క్రియ ఉందా' అని అడగండి. ఇంగ్లీషులో దాని పేరు ఫైనైట్ వెర్బ్.

ఇక ఫైనైట్ క్రియను గుర్తుపట్టడం. అసలు నైపుణ్యమంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

కొన్ని రూపాలు ఎక్కడ కనిపించినా ఫైనైట్ అని చెప్పేయొచ్చు. 'యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్' ఒక గుంపు. 'హాజ్, డజ్, డిడ్' మరొకటి. 'క్యాన్, కుడ్, విల్, వుడ్, షల్, షుడ్, మే, మైట్, మస్ట్' అనే మోడల్ క్రియలు ఇంకొకటి. 'గోస్, రైట్స్' లాంటి ఎస్ చేరిన వర్తమాన రూపాలు, 'వెంట్, రోట్, టుక్' లాంటి భూతకాల రూపాలు కూడా అంతే. ఇందుకు భిన్నంగా 'టు గో', ఒంటరిగా ఉన్న 'గోయింగ్', ఒంటరిగా ఉన్న 'గాన్' ఎప్పుడూ ఫైనైట్ కావు.

'ఒంటరిగా' అన్నది ముఖ్యం. క్రియాపదాలు ఒకటికి మించి వరసగా వచ్చినప్పుడు మొదటిదాన్ని చూడండి, అదే తేలుస్తుంది. 'షి హాడ్ బీన్ వెయిటింగ్' లో మొదటిది 'హాడ్', అది ఫైనైట్, కాబట్టి వరసంతా ఫైనైట్. 'హ్యావింగ్ బీన్ వార్న్‌డ్' లో మొదటిది 'హ్యావింగ్', అది ఫైనైట్ కాదు, కాబట్టి మూడు క్రియాపదాలున్నా మొత్తం ఫ్రేజే. 'వెన్ షి వాజ్ వాకింగ్ హోమ్' క్లాజ్ కావడానికి కారణం 'వాజ్', 'వాకింగ్' కాదు. 'వాజ్'ను, 'షి'ని తీసేసి 'వాకింగ్ హోమ్' అని రాస్తే అది ఫ్రేజ్ అయిపోతుంది.

అన్నింటికన్నా ఎక్కువ మందిని బోల్తా కొట్టించేది ఈడీ చేరిన రూపం. 'ఇంజర్డ్' అన్నది భూతకాలమూ కావచ్చు, పాస్ట్ పార్టిసిపుల్ ('గాన్', 'టేకెన్' లాంటి రూపం) కూడా కావచ్చు, చూడటానికి రెండూ ఒకటే. 'ద బాయ్ ఇంజర్డ్ హిజ్ లెగ్' లో అది ఫైనైట్ క్రియ. 'ద బాయ్ ఇంజర్డ్ ఇన్ ద మ్యాచ్ ఈజ్ మై కజిన్' లో 'ఇంజర్డ్ ఇన్ ద మ్యాచ్' ఫ్రేజ్, ఆ అబ్బాయి ఎవరో చెప్పే విశేషణం. అర్థాన్నిబట్టి తేల్చుకోలేకపోతే, రెండు రూపాలూ వేరువేరుగా ఉండే క్రియను ఆ చోట పెట్టి చూడండి. 'టేక్, టుక్, టేకెన్' బాగా పనికొస్తుంది. 'ద బాయ్ టేకెన్ టు ద హాస్పిటల్ ఈజ్ మై కజిన్' అనాలి, అక్కడ 'టుక్' కుదరదు. అంటే ఆ చోటు పార్టిసిపుల్‌ది, అందుకే ఫ్రేజ్. మొదటి వాక్యంలో 'బ్రేక్' పెట్టి చూస్తే 'ద బాయ్ బ్రోక్ హిజ్ లెగ్' అవుతుంది, 'బ్రోకెన్' కుదరదు. కాబట్టి అది భూతకాలం, ఫైనైట్. ఈ మార్పిడి నేను నమ్మకంగా వాడే పరీక్షల్లో ఒకటి.

రెండో నమ్మకమైన పరీక్ష సర్వనామంతో చేసేది. ఫైనైట్ క్రియకు కర్తగా ఉన్నది 'హి, షి, దే, ఐ, వి' రూపంలో వస్తుంది. ఫైనైట్ కాని రూపం ముందు సాధారణంగా 'హిమ్, హర్, దెమ్' గానీ, 'హిజ్, దెయిర్' గానీ వస్తుంది. 'ఐ సా హిమ్ క్రాసింగ్ ద రోడ్' లో 'హిమ్' ఉంది కాబట్టి 'క్రాసింగ్ ద రోడ్' క్లాజ్ కాదు. 'ఐ సా దట్ హి వాజ్ క్రాసింగ్ ద రోడ్' లో 'హి' వచ్చింది, క్లాజ్. 'ఐ వాంట్ దెమ్ టు లీవ్' లో 'టు లీవ్' ఫ్రేజ్. 'ఐ హోప్ దే లీవ్' లో 'దే లీవ్' క్లాజ్. వాక్యంలో సర్వనామం బదులు పేరు ఉంటే దాని స్థానంలో 'హి' పెట్టాలనిపిస్తుందా, 'హిమ్' పెట్టాలనిపిస్తుందా చూడండి. 'షి మేడ్ ద చిల్డ్రన్ లాఫ్' లో పిల్లల బదులు 'దెమ్' అనే పెడతారు, 'దే' పెట్టరు. అలా 'లాఫ్' ఫైనైట్ కాదని తెలిసిపోతుంది.

మూడోది అందరికీ తెలిసిందే. మొదట ఉన్న కలిపే పదాన్ని తీసేసి మిగిలింది చదవండి. వాక్యంలా నిలబడితే క్లాజ్. 'బిఫోర్ ద గెస్ట్స్ అరైవ్డ్' నుంచి 'బిఫోర్' తీసేస్తే 'ద గెస్ట్స్ అరైవ్డ్', నిలబడింది. 'బిఫోర్ ద అరైవల్ ఆఫ్ ద గెస్ట్స్' నుంచి తీసేస్తే 'ద అరైవల్ ఆఫ్ ద గెస్ట్స్', నిలబడలేదు. ఇది త్వరగా అయిపోయే పరీక్ష కానీ ఒక చోట మోసం చేస్తుంది. 'టు గో హోమ్' నుంచి 'టు' తీసేస్తే 'గో హోమ్' మిగులుతుంది, అది ఆజ్ఞలా పూర్తి వాక్యంగా వినిపిస్తుంది. అయినా 'టు గో హోమ్' ఫ్రేజే. 'టు' కలిపే పదం కాదు, అది క్రియ ఫైనైట్ కాదని చెప్పే గుర్తు. దాన్ని ఎప్పుడూ తీయకండి.

ఇప్పుడు మొదటి పదం సంగతి. 'ఆఫ్టర్, బిఫోర్, సిన్స్, అంటిల్, టిల్, యాజ్' అనే పదాలు రెండు పనులూ చేస్తాయి. వెనక నామవాచకం వస్తే ఫ్రేజ్, కర్తా ఫైనైట్ క్రియా వస్తే క్లాజ్. 'సిన్స్ మండే' ఫ్రేజ్, 'సిన్స్ షి లెఫ్ట్' క్లాజ్. 'యాజ్ ఎ టీచర్' ఫ్రేజ్, 'యాజ్ ఐ సెడ్' క్లాజ్. కాబట్టి ఈ పదాలను చూసి తేల్చేయడం కుదరదు, వెనక ఏముందో చదవాల్సిందే.

కొన్ని చోట్ల మాత్రం ఇంగ్లీషు రెండు పనులకూ వేర్వేరు పదాలు కేటాయించింది. 'బికాజ్' వెనక క్లాజ్ వస్తుంది, 'బికాజ్ ఆఫ్' వెనక నామవాచకం. 'దో, ఆల్దో' వెనక క్లాజ్, 'డిస్‌పైట్, ఇన్ స్పైట్ ఆఫ్' వెనక నామవాచకం. 'వైల్' వెనక సాధారణంగా క్లాజ్, 'డ్యూరింగ్' వెనక నామవాచకం. 'ఇన్ కేస్ ఇట్ రెయిన్స్' క్లాజ్, 'ఇన్ కేస్ ఆఫ్ ఫైర్' ఫ్రేజ్. 'సో దట్' వెనక క్లాజ్, 'సో యాజ్ టు' వెనక క్రియ మూలరూపం.

ఈ జంటలు కేవలం పరీక్ష కోసం కాదు. రోజూ రాసే ఇంగ్లీషులో తప్పులు పుట్టేది ఇక్కడే. 'డిస్‌పైట్ హి వాజ్ ఇల్, హి కేమ్' అని రాస్తారు. నామవాచకం రావాల్సిన చోట క్లాజ్ పెట్టారన్నమాట. 'డిస్‌పైట్ హిజ్ ఇల్‌నెస్' అనాలి, లేదా 'దో హి వాజ్ ఇల్' అనాలి. 'వైల్ ఐ స్టడీయింగ్' అని రాస్తారు, కర్త ఉంది గానీ ఫైనైట్ క్రియ లేదు. 'వైల్ ఐ వాజ్ స్టడీయింగ్' అంటే పూర్తి క్లాజ్ అవుతుంది, 'వైల్ స్టడీయింగ్' అన్నా సరిపోతుంది, మధ్యలో ఆగిపోకూడదు. ఉద్యోగ దరఖాస్తుల్లో 'ఆఫ్టర్ కంప్లీటెడ్ మై డిగ్రీ' అన్న వాక్యం చాలాసార్లు చదివాను. 'పూర్తి చేశాక' అన్న తెలుగు రూపం వెనక నుంచి లాగుతుంటుంది కాబట్టి కర్త అవసరం ఉందని తోచదు. 'ఆఫ్టర్ ఐ కంప్లీటెడ్' అంటే క్లాజ్, 'ఆఫ్టర్ కంప్లీటింగ్' అంటే ఫ్రేజ్, రెండూ సరైనవే. రెండింటికీ మధ్యన ఉన్నదే తప్పు. ఫ్రేజ్, క్లాజ్ తేడా తెలిసినవాళ్లు ఈ తప్పులు వాటంతట అవే మానేయడం నేను క్లాసులో మళ్లీమళ్లీ చూస్తుంటాను.

నామవాచకాన్ని వివరించే రిలేటివ్ క్లాజుల దగ్గర ఇంకో రకం సందేహం వస్తుంది. 'ద మ్యాన్ హూ లివ్స్ నెక్స్ట్ డోర్' లో 'హూ లివ్స్ నెక్స్ట్ డోర్' క్లాజ్ అంటే, కర్త ఏది అని అడుగుతారు. 'హూ' నే కర్త. కలిపే పనీ అదే చేస్తోంది, కర్తగా నిలబడే పనీ అదే చేస్తోంది. దాని బదులు 'హి' పెట్టి చూడండి, 'హి లివ్స్ నెక్స్ట్ డోర్', వాక్యం వచ్చేసింది. 'విచ్, దట్' కూడా ఇలా కర్తలు కాగలవు. 'వాట్ హ్యాపెన్‌డ్' అన్న రెండు పదాలు పూర్తి క్లాజ్, 'వాట్' కర్త, 'హ్యాపెన్‌డ్' క్రియ. అదే 'ఆన్ ద టాప్ షెల్ఫ్ ఆఫ్ ద ఓల్డ్ కబర్డ్ బిహైండ్ ద డోర్' అని ఇంత పొడుగున రాసినా క్రియ అన్నదే లేదు కాబట్టి ఫ్రేజే.

కలిపే పదం అసలు కనిపించకపోవచ్చు కూడా. 'ద బుక్ ఐ బాట్ ఈజ్ మిస్సింగ్' అన్న వాక్యంలో 'ఐ బాట్' సబార్డినేట్ క్లాజ్, ముందున్న 'దట్' ను వదిలేశారంతే. 'ఐ థింక్ యు ఆర్ రైట్' లో 'యు ఆర్ రైట్' కూడా అంతే. కలిపే పదాల జాబితా పట్టుకుని వెతికేవాళ్లకు ఇవి దొరకవు. ఫైనైట్ క్రియల కోసం వెతికేవాళ్లకు దొరికిపోతాయి. అందుకే జాబితాలు బట్టీ పట్టడం కన్నా క్రియను వెతకడం మీద శ్రద్ధ పెట్టమంటాను.

'హౌ, వాట్, వేర్' ఉన్నంతమాత్రాన క్లాజ్ కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 'ఐ డోంట్ నో వాట్ టు డు' లో 'టు డు' ఫైనైట్ కాదు, అందుకే 'వాట్ టు డు' ఫ్రేజ్. 'ఐ డోంట్ నో వాట్ ఐ షుడ్ డు' లో 'ఐ షుడ్' ఉంది, క్లాజ్. రెండు వాక్యాలకూ భావం ఒకటే. ఒకే క్లాజ్ ఉన్న సింపుల్ వాక్యాన్ని, సబార్డినేట్ క్లాజ్ కూడా ఉండే కాంప్లెక్స్ వాక్యంగా మార్చమని ఇచ్చే అభ్యాసాలన్నింటిలో జరిగేది ఇదే పని, ఫ్రేజ్‌ను తీసుకుని దానికి కర్తనూ ఫైనైట్ క్రియనూ సమకూర్చడం. 'హి ఈజ్ టూ వీక్ టు వాక్' ను 'హి ఈజ్ సో వీక్ దట్ హి క్యానాట్ వాక్' అని మార్చినప్పుడు 'టు వాక్' అన్న ఫ్రేజ్ 'దట్ హి క్యానాట్ వాక్' అన్న క్లాజ్ అయింది.

ఒకదాంట్లో ఒకటి ఇమిడి ఉన్నప్పుడు 'ఇది ఫ్రేజా క్లాజా' అన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు. 'ఆఫ్టర్ హియరింగ్ వాట్ హి సెడ్' తీసుకోండి. మొత్తంగా చూస్తే ఫ్రేజ్, ఎందుకంటే దాన్ని నడిపిస్తున్నది 'హియరింగ్'. కానీ దాని కడుపులో 'వాట్ హి సెడ్' అన్న క్లాజ్ ఉంది. అలాగే 'ద హౌస్ వేర్ ఐ వాజ్ బార్న్' మొత్తం నౌన్ ఫ్రేజ్, లోపల 'వేర్ ఐ వాజ్ బార్న్' క్లాజ్. ఇటునుంచి అటు కూడా అంతే, క్లాజుల్లో ఫ్రేజులు నిండి ఉంటాయి. పరీక్షలో ఏ భాగం కింద గీత గీశారో అంతవరకే చూసి జవాబు రాయాలి. గీత 'ఆఫ్టర్' నుంచి మొదలైందా, 'వాట్' నుంచి మొదలైందా అన్నదాన్నిబట్టి జవాబు మారిపోతుంది.

కర్త ఉండి కూడా ఫ్రేజ్ అయ్యే రూపం ఒకటుంది. 'ద రెయిన్ హ్యావింగ్ స్టాప్డ్, వి వెంట్ అవుట్.' ఇందులో ఆగింది వాన, బయటికి వెళ్లింది మేము. 'హ్యావింగ్ స్టాప్డ్' కు 'ద రెయిన్' అన్న సొంత కర్త ఉంది, కానీ ఫైనైట్ క్రియ లేదు. స్కూల్ వ్యాకరణం దీన్ని యాబ్సల్యూట్ ఫ్రేజ్ అంటుంది. నేను మొదట్లో కర్త, కాలం చూపే క్రియ రెండూ ఉండాలి అన్నది ఇలాంటివాటి కోసమే, కర్త ఒక్కటే ఉంటే చాలదు.

ఇక్కడే ఒక విషయం తెలుసుకోవాలి, లేకపోతే రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చదివినప్పుడు తల తిరుగుతుంది. భాషాశాస్త్రవేత్తలందరూ ఈ స్కూల్ గీతను ఒప్పుకోరు. రాండాల్ఫ్ క్వర్క్, సిడ్నీ గ్రీన్‌బామ్, జెఫ్రీ లీచ్, యాన్ స్వార్ట్‌విక్ కలిసి 1985లో తెచ్చిన పెద్ద ఇంగ్లీషు వ్యాకరణంలో క్లాజులను మూడు రకాలు చేశారు: ఫైనైట్ క్లాజ్, నాన్ ఫైనైట్ క్లాజ్, అసలు క్రియే లేని క్లాజ్. వాళ్ల లెక్కలో 'వాకింగ్ హోమ్', 'టు గో హోమ్', 'వాట్ టు డు', 'ద రెయిన్ హ్యావింగ్ స్టాప్డ్' అన్నీ నాన్ ఫైనైట్ క్లాజులే. 2002లో రోడ్నీ హడిల్‌స్టన్, జెఫ్రీ పుల్లమ్ తెచ్చిన వ్యాకరణం ఇంకో అడుగు ముందుకు వేసి, 'ఆఫ్టర్ షి లెఫ్ట్' లోని 'ఆఫ్టర్' ను కూడా ప్రిపొజిషన్ అనే చెబుతుంది. ఆ ప్రిపొజిషన్ వెనక నామవాచకం బదులు క్లాజ్ వచ్చిందంటుంది. నాకు వీళ్ల వాదన బలంగానే కనిపిస్తుంది, ఎందుకంటే 'వాకింగ్ హోమ్' లో క్రియకు ఉండే సామర్థ్యం చాలావరకు మిగిలే ఉంది, అది తన కర్మను తీసుకోగలదు, క్రియావిశేషణాన్ని తీసుకోగలదు.

కానీ స్కూలు పరీక్షలు, మన దగ్గరి పోటీ పరీక్షలు సాధారణంగా పాత పద్ధతినే పాటిస్తాయి. అక్కడ పార్టిసిపుల్ ఫ్రేజ్, ఇన్ఫినిటివ్ ఫ్రేజ్, జెరండ్ ఫ్రేజ్ అన్న పేర్లే రాయండి. ఇంటర్నెట్‌లో ఎవరైనా 'నాన్ ఫైనైట్ క్లాజ్' అని రాస్తే వాళ్లు మీరు ఫ్రేజ్ అంటున్నదాన్నే ఇంకో పేరుతో పిలుస్తున్నారని అర్థం చేసుకోండి. ఫైనైట్ క్రియ ఉందా లేదా అన్న దగ్గర రెండు వర్గాలకూ పేచీ లేదు, దానికి పెట్టే పేరు దగ్గరే పేచీ.

మిగిలినవి చిన్న చిన్నవి. 'వెన్ ఇన్ డౌట్', 'ఇఫ్ నెసెసరీ' లాంటివాటిలో 'యు ఆర్', 'ఇట్ ఈజ్' అన్నవి రాలిపోయాయి. చాలా పుస్తకాలు వీటిని కుదించిన క్లాజులంటాయి. రాలిపోయిన మాటలను తిరిగి పెట్టగలిగితే ఆ పేరు సబబే. 'షి ఈజ్ టాలర్ దాన్ ఐ యామ్' లో 'దాన్ ఐ యామ్' క్లాజ్, 'దాన్ మి' ఫ్రేజ్. 'ఐ సజెస్ట్ దట్ హి గో' లో 'గో' కు ఎస్ లేదని అది ఫైనైట్ కాదనుకోవద్దు. అది సబ్జంక్టివ్ (సూచన, కోరిక లాంటివి చెప్పే క్రియారూపం), 'దట్' ఉంది, 'హి' ఉంది, 'హిమ్' లేదు. అది క్లాజే.

సాధన ఎలా చేయాలంటే, ఏదైనా ఇంగ్లీషు పేరా తీసుకుని ముందు ఫైనైట్ క్రియల కింద మాత్రమే గీతలు గీయండి. ఎన్ని గీతలుంటే దాదాపు అన్ని క్లాజులు. తర్వాత ఒక్కో క్రియకూ కర్తను వెతికి సున్నా చుట్టండి. మిగిలినవన్నీ ఫ్రేజులే. ఒక వాక్యం కలిసి చేద్దాం: 'ద ఉమన్ హూ హాడ్ బీన్ వెయిటింగ్ సిన్స్ మార్నింగ్ లెఫ్ట్ వెన్ షి హర్డ్ దట్ ద డాక్టర్, డిలేడ్ బై ట్రాఫిక్, వుడ్ నాట్ కమ్ బిఫోర్ నూన్.'

ఫైనైట్ క్రియలు నాలుగు: 'హాడ్', 'లెఫ్ట్', 'హర్డ్', 'వుడ్'. కాబట్టి క్లాజులు నాలుగు. 'లెఫ్ట్' కు కర్త 'ద ఉమన్', ముందు కలిపే పదం లేదు, అది మెయిన్ క్లాజ్. 'హాడ్ బీన్ వెయిటింగ్' కు కర్త 'హూ'. 'హర్డ్' కు కర్త 'షి', ముందు 'వెన్'. 'వుడ్ నాట్ కమ్' కు కర్త 'ద డాక్టర్', ముందు 'దట్'. ఈ మూడూ సబార్డినేట్ క్లాజులు, అందులో చివరిది 'వెన్ షి హర్డ్' అన్నదాని లోపలే 'హర్డ్' కు కర్మగా ఉంది. 'సిన్స్ మార్నింగ్', 'బిఫోర్ నూన్' కలిపే పదాల్లా మొదలైనా వెనక ఉన్నవి నామవాచకాలే, కాబట్టి ఫ్రేజులు. 'డిలేడ్' దగ్గర ఈడీ చూసి ఐదో క్రియ అనుకుంటారు. అక్కడ 'టేకెన్ ఇల్' అని పెట్టి చూడండి. 'టేకెన్' కుదురుతుంది, 'టుక్' కుదరదు. పార్టిసిపుల్, అందుకే ఫ్రేజ్. దాన్నే 'హూ వాజ్ డిలేడ్ బై ట్రాఫిక్' అని రాసి ఉంటే 'వాజ్' తో కలిపి గీతలు ఐదు అయ్యేవి, క్లాజులూ ఐదు అయ్యేవి.